బుజ్జి విమానం... బ్యాటరీ భద్రం!

ఫోన్లో ఉన్నదీ లిథియమే. బొమ్మ విమానంలో ఉన్నదీ లిథియమే. కానీ ఫోన్ బ్యాటరీకి లోపలే ఓ కాపలాదారు ఉంటాడు. విమానం బ్యాటరీకి ఉండడు. ఆ పని ఇంట్లోవాళ్లదే!

ఆదివారం ఉదయం ఆరున్నర. ఊరి చివర ఖాళీ మైదానం. తొమ్మిదో తరగతి చదివే కుర్రాడి చేతిలో రిమోట్. తేలికపాటి ఫోమ్‌తో చేసిన చిన్న విమానం చింతచెట్టు మీదుగా రివ్వున తిరిగొస్తోంది. గట్టు మీద కూర్చున్న నాన్న వాచీ చూసుకుని, 'ఎనిమిది నిమిషాలైంది... ఇక దించరా' అన్నాడు. 'ఒక్క రౌండు నాన్నా, ఒకే ఒక్కటి!' అన్నాడు కొడుకు.

అదే రోజు సాయంత్రం. ఆ విమానం బ్యాటరీ హాల్లో ఛార్జింగులో ఉంది. బంధువుల పెళ్లికి ఇంటిల్లిపాదీ బయల్దేరుతున్నారు. 'దాన్నలా ఉండనియ్యిరా, మనం వచ్చేసరికి ఫుల్లవుతుంది. అవతల ముహూర్తం దాటిపోతోంది' అని గుమ్మంలోంచి అమ్మ కేకేసింది.

రిమోట్ విమానమో, కారో, డ్రోనో ఉన్న ఏ ఇంట్లోనైనా వినిపించే మాటలే ఇవి. వినడానికి చాలా మామూలుగా ఉంటాయి. కానీ లిథియం బ్యాటరీ విషయంలో అసలు పరీక్షలు ఈ రెండే. అవసరానికి మించి ఖాళీ చేయడం... మనిషి లేకుండా ఛార్జింగ్ పెట్టడం. మొదటిది బ్యాటరీని లోపల్లోపలే చంపేస్తుంది. రెండోది ఏకంగా ఇంటికే ముప్పు తెస్తుంది.

నాలుగు ముక్కల జాతకం

రిమోట్ మోడళ్లలో ఎక్కువగా వాడేవి లిథియం పాలిమర్ బ్యాటరీలు. ఈ హాబీ ఉన్నవాళ్లు వీటిని క్లుప్తంగా 'లైపో' అంటారు. చూడటానికి బట్టల సబ్బు బిళ్లంత ఉంటుంది. గట్టి డబ్బా ఉండదు, పైన ఒట్టి ప్లాస్టిక్ తొడుగే. రెండు లావుపాటి తీగలు, వాటి పక్కనే సన్నటి తీగల గుత్తి ఒకటి బయటికి వస్తాయి.

మధ్యరకం విమానంలో వాడే బ్యాటరీ ప్యాక్ మీద '3ఎస్, 11.1 వోల్టులు, 2200 ఎంఏహెచ్, 25సీ' అని రాసి ఉంటుంది. కొనేటప్పుడు చాలామంది ధర చూస్తారు తప్ప వీటిని పట్టించుకోరు. నిజానికి బ్యాటరీ జాతకమంతా ఈ నాలుగు ముక్కల్లోనే ఉంది.

3ఎస్ అంటే లోపల మూడు సెల్స్ ఒకదాని వెనక ఒకటి కలిపి ఉన్నాయని. ఒక్కో సెల్ 3.7 వోల్టులు. మూడూ కలిస్తే 11.1. ఇక 2200 ఎంఏహెచ్ అంటే 2.2 ఆంపియర్ల చొప్పున గంటసేపు కరెంటు ఇవ్వగలదని అర్థం. చివరిది 25సీ. అంటే ఆ 2.2కి పాతిక రెట్లు... 55 ఆంపియర్ల దాకా ఒక్కసారిగా ఇవ్వగలదని తయారీదారు చెబుతున్న మాట.

ఇంట్లో గీజరుకు పెట్టే పెద్ద ప్లగ్గు కూడా 16 ఆంపియర్లదే. విమానం బ్యాటరీలో వోల్టేజీ తక్కువ కాబట్టి ముట్టుకుంటే షాక్ కొట్టదు. అందుకే పిల్లలకూ భయం ఉండదు. కానీ దాని రెండు కొనల మధ్య ఓ తాళంచెవి అడ్డం పడిందనుకోండి... క్షణంలో నిప్పురవ్వలు లేస్తాయి. తీగ ఎర్రగా కాలిపోతుంది.

ఇంకో లెక్కా ఉంది. ఈ ప్యాక్‌లో దాగిన శక్తి సుమారు 24 వాట్ అవర్లు. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు రెండున్నర గంటలకు పైగా వెలుగుతుంది. ఐదు వేల ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో ఉండేది దాదాపు 19. అంటే రెండూ ఇంచుమించు సమానమే. తేడా ఎక్కడంటే... ఫోన్ ఆ శక్తిని రోజంతా పొదుపుగా వాడుకుంటుంది. విమానం ఎనిమిది నిమిషాల్లో ఊడ్చేస్తుంది!

కాపలాదారు లేడు

ఫోన్‌ను రాత్రంతా ఛార్జింగులో పెట్టి నిద్రపోయేవాళ్లు ఎందరో. దానికేమీ కావడం లేదుగా, దీనికి మాత్రం ఎందుకవుతుంది... అని సందేహం రావడం సహజం.

ఫోన్ బ్యాటరీకి అంటుకుని ఓ చిన్న రక్షణ సర్క్యూట్ ఉంటుంది. నిండగానే కరెంటు ఆపేస్తుంది. మరీ ఖాళీ అయిపోతుంటే వాడకం ఆపేస్తుంది. ఎక్కడైనా షార్ట్ అయితే తెంపేస్తుంది. విమానాల్లో వాడే లైపో ప్యాక్‌లలో సాధారణంగా ఆ సర్క్యూట్ ఉండదు. పిసినారితనంతో కాదు, కావాలనే పెట్టరు. అంత కరెంటును తట్టుకునే సర్క్యూట్ పెడితే బరువు పెరుగుతుంది. పైగా గాల్లో ఉండగా అది 'ప్రమాదం' అనుకుని కరెంటు కట్ చేసిందంటే విమానం రాయిలా పడిపోతుంది. అందుకే కాపలా బాధ్యతను బయట ఉన్న ఛార్జరుకూ, మనిషికీ వదిలేశారు. ఛార్జరు కూడా మనిషి చెప్పినట్టే వింటుంది. కాబట్టి చివరికి మిగిలిన కాపలాదారు మనిషే.

ఆ కాపలా లేకపోతే ఏమవుతుందో తెలుగువారికి కొత్తగా చెప్పక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకటి, విజయవాడలో ఒకటి... ఇంట్లో ఛార్జింగులో ఉన్న విద్యుత్ స్కూటర్ బ్యాటరీలు పేలాయి. రెండు చోట్లా రాత్రివేళే. రెండు ఇళ్లలోనూ ప్రాణం పోయింది. స్కూటర్ బ్యాటరీ చాలా పెద్దది, బొమ్మ విమానానిది చిన్నది... నిజమే. కానీ లోపలి రసాయనాల తీరు ఒకటే. పరుపుకో పరదాకో నిప్పంటించడానికి చిన్న బ్యాటరీ చాలు.

మూడు బ్యాటరీలు... మూడు స్వభావాలు

చాలా పొరపాట్లు తెలియక జరిగేవి కావు. వేరే బ్యాటరీ గురించి తెలిసింది దీనికీ వర్తింపజేయడం వల్ల జరిగేవి!

ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీనే తీసుకోండి. అది సీసం, ఆమ్లంతో పనిచేసేది. ఎప్పుడూ నిండుగా ఉంటేనే దానికి ఆరోగ్యం. ఖాళీగా వదిలేస్తే పాడవుతుంది. పాతకాలపు రిమోట్ కార్లలో నికెల్ కాడ్మియం సెల్స్ ఉండేవి. వాటిది ఇంకో తీరు. సగం వాడి మళ్లీ మళ్లీ ఛార్జింగ్ పెడితే ఆ సగమే గుర్తుపెట్టుకుంటాయనీ, అప్పుడప్పుడూ పూర్తిగా ఖాళీ చేయాలనీ చెప్పేవారు.

లిథియం ఈ రెంటికీ భిన్నం. నిండుగా పెట్టి మర్చిపోతే అలుగుతుంది. పూర్తిగా ఖాళీ చేస్తే చచ్చిపోతుంది. సగంలో ఉంటేనే సుఖంగా ఉంటుంది. ఇన్వర్టర్ అలవాటుతో 'ఫుల్ చేసి దాచుదాం' అనుకున్నా, పాత సెల్స్ అలవాటుతో 'మొత్తం ఖాళీ చేద్దాం' అనుకున్నా లైపోకు చేటే.

గుర్తుంచుకోవాల్సినవి మూడే అంకెలు. ఒక్కో సెల్‌కు పైగీత 4.2 వోల్టులు. దాన్ని దాటకూడదు. కింది గీత 3 వోల్టులు. అక్కడిదాకా అసలు పోనివ్వకూడదు. 3.5 దగ్గరే ఆపేయడం మేలు. దాచేటప్పుడు 3.8. మూడు సెల్స్ ప్యాక్‌లో అయితే నిండుగా 12.6 వోల్టులు, దాచేటప్పుడు 11.4.

బిందె నింపినట్టు...

కుళాయి కింద బిందె పెట్టినప్పుడు ముందు ధారను పూర్తిగా వదులుతాం. అంచుదాకా వస్తుంటే తగ్గిస్తాం. చివర్లో చుక్కచుక్కగా నింపి కట్టేస్తాం. లైపో ఛార్జరు చేసే పనీ అదే. మొదట ఒకే స్థాయిలో కరెంటు పంపుతుంది. సెల్ 4.2 వోల్టులకు చేరాక వోల్టేజీని అక్కడే పట్టి ఉంచి, కరెంటును క్రమంగా తగ్గిస్తూ పోతుంది. బాగా సన్నబడ్డాక ఆపేస్తుంది. అందుకే చివరి కాస్త నిండటానికే ఎక్కువసేపు పట్టినట్టు అనిపిస్తుంది.

ఎంత కరెంటుతో నింపాలి? క్షేమమైన లెక్క 1సీ. అంటే 2200 ఎంఏహెచ్ ప్యాక్‌కు 2.2 ఆంపియర్లు. అటూఇటుగా గంటలో నిండుతుంది. ఇంకా వేగంగా నింపొచ్చని కొన్ని ప్యాక్‌ల మీద రాసి ఉంటుంది. అలా రాసి లేకపోతే 1సీ దాటకపోవడమే మంచిది. తొందరకు పోయి కరెంటు పెంచితే లోపల వేడి పెరుగుతుంది, ఆయుష్షు తగ్గుతుంది.

4.2 దాటి నింపితే ఏమవుతుంది? సెల్ లోపల ఓ పక్క గ్రాఫైట్, మరో పక్క లిథియం కలిసిన లోహ ఆక్సైడ్ ఉంటాయి. ఛార్జింగప్పుడు లిథియం అయాన్లు ఆక్సైడ్ నుంచి బయల్దేరి గ్రాఫైట్ పొరల్లోకి వెళ్లి కూర్చుంటాయి. అక్కడ చోటు నిండిపోయినా ఇంకా తోస్తూ ఉంటే లిథియం లోహంగా మారి పైన పేరుకుంటుంది. అవతలి పక్క ఆక్సైడ్ గుల్లబారి ఆక్సిజన్ వదులుతుంది. మధ్యలో ఉన్నదేమో మండే స్వభావమున్న ద్రావకం. నిప్పుకు కావలసినవన్నీ ఒకే సంచిలో చేరినట్టు! వేడి వేడిని పెంచుకుంటూ పోతుంది. ఓ దశ దాటాక ప్లగ్గు పీకేసినా ఆగదు.

ఛార్జరు పెట్టేటప్పుడు చేసే పొరపాట్లు ఎక్కువగా సెట్టింగులలోనే. మూడు సెల్స్ ఉన్న ప్యాక్‌ను నాలుగని ఎంచుకోవడం, లైపో బదులు నికెల్ రకం ఎంచుకోవడం, 2.2 బదులు ఇంకేదో అంకె నొక్కడం. నాలుగు సెల్స్ అని చెబితే ఛార్జరు గురి 16.8 వోల్టులు. దాన్ని మూడు సెల్స్ పంచుకుంటే ఒక్కోదానికి 5.6! ఇప్పటి మంచి ఛార్జర్లు సన్నతీగల గుత్తి ద్వారా సెల్స్ లెక్కపెట్టుకుని తప్పును పట్టేస్తాయి. అయినా మీట నొక్కేముందు తెరమీద అంకెలు ఒకసారి పైకి చదువుకుంటే పోయేదేమీ లేదు. పిల్లాడు చదవాలి, పెద్దవాళ్లు వినాలి.

ముగ్గురన్నదమ్ముల లెక్క

ఆ సన్నతీగల గుత్తి ఎందుకో చాలామందికి తెలియదు. లావు తీగలతోనే ఛార్జింగ్ అయిపోతుంటే దీంతో పనేమిటని వదిలేస్తారు. అసలు ప్రాణం దాంట్లోనే ఉంది.

ఒకే ప్యాక్‌లోని మూడు సెల్స్ ఒకే ఇంట్లో పుట్టిన ముగ్గురన్నదమ్ముల్లాంటివి. చూడటానికి ఒకేలా ఉన్నా ఓపికలు వేరు. వాడేకొద్దీ ఒకటి త్వరగా నిండటం, ఒకటి త్వరగా నీరసించడం మొదలవుతుంది. మొత్తం 12.6 వోల్టులు చూపిస్తోంది కదా, అంతా బాగుందనుకుంటాం. లోపల ఒకటి 4.1, ఒకటి 4.2, ఇంకోటి 4.3 ఉండొచ్చు. కూడితే సరిగ్గా 12.6నే! కానీ మూడోది అప్పటికే గీత దాటేసింది.

సన్నతీగలు ఒక్కో సెల్ నాడిని విడిగా పట్టి చూపిస్తాయి. వాటిని కలిపి 'బ్యాలెన్స్' పద్ధతిలో ఛార్జ్ చేస్తే, ముందు నిండిన సెల్ నుంచి కాస్త తీసేస్తూ మూడింటినీ ఒకే మట్టానికి తెస్తుంది ఛార్జరు. పది నిమిషాలు ఎక్కువ పడితే పట్టనీ. ఎప్పుడూ ఇలాగే చేయాలి. ఒక సెల్ మాటిమాటికీ మిగతావాటికి దూరంగా ఉంటోందంటే ఆ ప్యాక్‌కు రిటైర్మెంట్ వయసు వచ్చినట్టే.

ఆ 'ఒక్క రౌండు' ఖరీదు

ఇప్పుడు ఉదయం మైదానం దగ్గరికి వద్దాం. నాన్న ఎనిమిది నిమిషాలకే ఎందుకు దించమన్నాడు?

లైపోకు ఓ మంచి నియమం ఉంది. వంతుల లెక్కలో చెప్పాలంటే అయిదింట నాలుగు వంతులే వాడాలి. 2200లో 1760 వాడితే చాలు, మిగతాది లోపలే ఉండాలి. మొదటి రెండు మూడుసార్లు తక్కువసేపు ఎగరేసి, ఇంటికొచ్చాక ఛార్జరు ఎంత తిరిగి ఎక్కించిందో చూస్తే నిమిషానికి ఎంత ఖర్చవుతోందో తెలిసిపోతుంది. ఆ లెక్కతో రిమోట్‌లో టైమరు పెట్టుకోవచ్చు. సన్నతీగలకు తగిలించే చిన్న అలారం బుడిపెలూ దొరుకుతాయి. ఏ ఒక్క సెల్ తగ్గినా చెవులు చిల్లులు పడేలా కూస్తాయి.

విమానంలోని స్పీడ్ కంట్రోలర్ కూడా వోల్టేజీ పడిపోతే మోటారు జోరు తగ్గిస్తుంది. కానీ అది సాధారణంగా మొత్తాన్నే చూస్తుంది. రెండు సెల్స్ 3.6 దగ్గర, ఒకటి 2.7 దగ్గర ఉన్నా మొత్తం 9.9 అవుతుంది. దాని లెక్కలో పర్వాలేదు. నీరసపడిన ఆ ఒక్క సెల్ గోడు ఎవరికీ వినిపించదు.

మరీ కిందికి పడిపోతే సెల్ లోపల గ్రాఫైట్‌ను మోసే రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్లీ ఛార్జింగ్ పెట్టినప్పుడు ఆ కరిగిన రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుంటుంది. అది రెండు పక్కలనూ కలిపే వంతెనగా మారితే లోపలే షార్ట్! అంటే ఉదయం చేసిన తప్పుకు శిక్ష సాయంత్రం ఛార్జింగప్పుడు పడుతుందన్నమాట. పైకి ఏమీ కనిపించదు.

ఇలా పడిపోయిన ప్యాక్‌ను మంచి ఛార్జరు తీసుకోదు. 'వోల్టేజీ తక్కువ' అని మొరాయిస్తుంది. అప్పుడు కొందరు నికెల్ రకం అని అబద్ధం చెప్పి కాసేపు కరెంటు ఎక్కించి, తర్వాత లైపోకు మార్చే చిట్కా ప్రయోగిస్తారు. ఉన్న ఒక్క కాపలాదారు కళ్లకూ గంతలు కట్టడమే ఇది. ప్యాక్ పోతే పోయింది, ఆ పని మాత్రం చేయకూడదు.

ఇంకో సాధారణ పొరపాటు... ఎగరేయడం అయ్యాక బ్యాటరీని విమానానికే తగిలించి మర్చిపోవడం. మోటారు తిరగకపోయినా లోపలి సర్క్యూట్ కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటుంది. వచ్చే ఆదివారం తీసి చూస్తే చచ్చిన బ్యాటరీ చేతికొస్తుంది.

వాన పడితే ఏం చేయాలి?

శనివారం రాత్రి ఉత్సాహంగా రెండు ప్యాక్‌లు ఫుల్ చేసి పెట్టుకుంటారు. తెల్లారేసరికి వాన. ఆ వారం లేదు. మరుసటి వారం పరీక్షలు. నిండు ప్యాక్‌లు నెలరోజులు అలమరాలో పడి ఉంటాయి. వాడకపోతే పాడయ్యేదేముందిలే అనుకుంటారు. కానీ నిండుగా ఉన్న సెల్ ఊరికే కూర్చోదు. ఆ వోల్టేజీ దగ్గర ద్రావకం నెమ్మదిగా చెడిపోతూ వాయువు పుడుతుంది. ప్యాక్ ఉబ్బుతుంది. రోళ్లు పగిలే రోహిణీ కార్తె ఎండల్లో ఇది మరీ త్వరగా జరుగుతుంది. కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే చెప్పనే అక్కర్లేదు.

ఒకటి రెండు రోజుల్లో వాడకపోతే 3.8కి దించి దాచాలి. చాలా ఛార్జర్లలో 'స్టోరేజ్' అనే మీట ఉంటుంది. అది ఎక్కువుంటే తీస్తుంది, తక్కువుంటే నింపుతుంది. కాకపోతే చిన్న ఛార్జర్లు ఖాళీ చేయడంలో మహా నిదానం. ఐదు వాట్ల చొప్పున తీస్తే సగానికి రావడానికి రెండున్నర గంటలు పడుతుంది. ఛార్జింగులాగే ఇక్కడా మనిషి దగ్గరుండాలి.

ఓపిక లేనివాళ్లు బండి ఇండికేటర్లో వాడే 12 వోల్టుల, 21 వాట్ల బల్బు తగిలిస్తారు. అర గంట దాటి ఇంకాసేపటికి పని అయిపోతుంది. చిక్కేమిటంటే బల్బుకు ఎక్కడ ఆగాలో తెలియదు. ఫోన్ వచ్చి బాల్కనీలోకి వెళ్లి మాటల్లో పడ్డారంటే ప్యాక్ సున్నాకు చేరుతుంది. అందుకని బల్బు పక్కన అలారం బుడిపె తప్పనిసరి. దాన్ని 3.8 దగ్గర కూసేలా పెట్టుకోవాలి.

మట్టి కుండీ మంచిది!

ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలి? సోఫా మీద, పరుపు మీద, దినపత్రికల కట్ట పక్కన... వద్దే వద్దు. గ్యాస్ సిలిండర్ ఉన్న వంటింట్లో అసలే వద్దు. సిమెంటు నేల, రాతి గట్టు, గాలి ఆడే బాల్కనీ మేలు. అటక మీద పడి ఉన్న పాత మట్టి పూలకుండీ తెచ్చి అందులో ప్యాక్ పెడితే ఇంకా మంచిది. మట్టి అంటుకోదు, వేడిని తట్టుకుంటుంది. పైన గట్టిగా మూతపెట్టి బిగించకూడదు. వాయువు బయటికి పోయే దారి ఉండాలి.

ఎండలో ఎగరేసి తెచ్చిన వెంటనే ఛార్జింగ్ పెట్టకూడదు. చేత్తో పట్టుకుంటే చల్లగా అనిపించేదాకా ఆగాలి. సాధారణంగా 45 డిగ్రీల వేడి దాటితే లైపోను ఛార్జ్ చేయొద్దంటారు. మన దగ్గర మే నెల మధ్యాహ్నం గది బయటి వేడే దాదాపు అంత! వేసవిలో ఈ పని తెల్లవారుజామునో, సాయంత్రం చల్లబడ్డాకో పెట్టుకోవడం ఉత్తమం.

విమానం నేలకు గుద్దుకుంటే ముందు చూడాల్సింది రెక్కలు కాదు, బ్యాటరీని. వంగినా, సొట్ట పడినా ఇంట్లోకి తేకుండా ఆరుబయట మట్టినేల మీద పెట్టి దూరం నుంచి గమనించాలి. మంట కాస్త ఆలస్యంగా కూడా రావచ్చు. ఉబ్బిన ప్యాక్‌కు సూదితో గుచ్చి గాలి తీసే పని చేయనే చేయకూడదు. ఆ సూదే లోపలి రెండు పొరలనూ కలిపేస్తుంది.

ఎంత చేసినా పొగ వచ్చిందనుకోండి. అందితే మెయిన్ స్విచ్ ఆపేయాలి. ఆ పొగ విషం, పీల్చకూడదు. ముందు పిల్లల్నీ పెద్దవాళ్లనీ బయటికి పంపి 101కి ఫోన్ చేయాలి. దగ్గర్లో బకెట్‌తో ఇసుక ఉంటే మంట చుట్టుపక్కలకు పాకకుండా ఆపుతుంది. లోపలి రసాయన చర్యను మాత్రం ఆపలేదు. కాబట్టి మంట తగ్గింది కదా అని చేత్తో పట్టుకోకూడదు. మళ్లీ అంటుకోవచ్చు.

మేనమామ తెచ్చే కానుక

అమెరికా నుంచి వచ్చే మేనమామనో, బాబాయినో 'అక్కడ బ్యాటరీలు చవక, రెండు తెండి' అని అడగడం మన ఇళ్లలో మామూలే. విడి లిథియం బ్యాటరీలను చెకిన్ సూట్‌కేసులో పెట్టకూడదు. చేతి సంచిలోనే తేవాలి. మామూలుగా 100 వాట్ అవర్ల లోపువైతే అనుమతిస్తారు. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే ఆ లెక్క వస్తుంది. 11.1ని 2.2తో గుణిస్తే 24.4. కాబట్టి బెంగలేదు. కొనలకు టేపు చుట్టి ఒక్కోటీ విడివిడి కవర్లో పెట్టుకోవాలి. ఎన్ని తేవచ్చో, ఏం నిబంధనలున్నాయో ఆ ఎయిర్‌లైన్స్‌నే ముందుగా అడగడం నయం.

ఇక పాతబడిన వాటి సంగతి. తడిచెత్త, పొడిచెత్త బుట్టలు రెండింటిలోనూ వీటికి చోటు లేదు. మన దేశంలో 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను ఇంటి చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వాలి. చెత్త బండిలో నలిగితే అక్కడా మంట లేవొచ్చు. దెబ్బ తగలని, ఉబ్బని పాత ప్యాక్ అయితే ఆరుబయట బల్బు తగిలించి దగ్గరుండి పూర్తిగా ఖాళీ చేసి, కొనలకు టేపు చుట్టి ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించాలి. 'పూర్తిగా ఖాళీ' అన్న పాత నియమం లైపోకు వర్తించేది ఈ ఒక్కచోటే!

ముగ్గురి కష్టం

జేబులో ఫోన్, ఒళ్లో ల్యాప్‌టాప్, గాల్లో బొమ్మ విమానం... అన్నిటికీ మూలం ముగ్గురు శాస్త్రవేత్తలు. స్టాన్లీ విటింగ్‌హామ్ 1970లలో దారి వేశారు. జాన్ గుడెనఫ్ 1980లో కోబాల్ట్ ఆక్సైడ్‌తో శక్తి పెంచారు. జపాన్‌కు చెందిన అకిరా యోషినో 1985లో విడి లిథియం లోహాన్ని పక్కనపెట్టి, భద్రంగా వాడదగ్గ రూపాన్ని తయారుచేశారు. 1991లో సోనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. ముగ్గురికీ కలిపి 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అప్పటికి గుడెనఫ్ వయసు 97 ఏళ్లు. నోబెల్ అందుకున్నవాళ్లలో అంత పెద్ద వయసువారు మరొకరు లేరు. 2023లో నూరేళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. లిథియాన్ని మచ్చిక చేయడానికి అంతటివాళ్లకే ఏళ్లు పట్టింది. మనకు మిగిలింది దాని పక్కన ఓ గంట కూర్చోవడమే.

ఛార్జింగ్ మీట నొక్కేముందు...

* ప్యాక్ ఉబ్బలేదు, సొట్ట లేదు, చల్లగా ఉంది... చూశారా?
* రకం లైపో, సెల్స్ సంఖ్య, ఆంపియర్లు... పైకి చదివారా?
* సన్నతీగల గుత్తి తగిలించారా?
* కింద రాయో, మట్టి కుండీయో ఉందా? చుట్టూ గుడ్డ, కాగితం లేవు కదా?
* అయ్యేదాకా ఇంట్లో మెలకువగా ఉండే పెద్దవారు ఎవరు?

చివరి ప్రశ్నకు జవాబు లేకపోతే మీట నొక్కకూడదు.

ఆ ఆదివారం సాయంత్రం జరిగిందీ అదే. 'వచ్చేసరికి ఫుల్లవుతుంది' అన్న అమ్మ మాటకు కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. 'మనం లేనప్పుడు వద్దమ్మా' అంటూ వెనక్కి వెళ్లాడు. ఛార్జరు తెర మీద ఒక్కో సెల్ 3.8 దాటి కొద్దిగా ముందుకెళ్లింది. అక్కడే ఆపేశాడు. ముందు ప్లగ్గు, తర్వాత సన్నతీగలు, లావుతీగలు తీసి ప్యాక్‌ను మట్టి కుండీలో పెట్టి బాల్కనీ మూలకు జరిపాడు. 'దానికో అయిదు నిమిషాలు!' అని విసుక్కుంది అమ్మ. నాన్న మాత్రం ఏమీ అనలేదు. చెప్పులేసుకుంటూ నవ్వాడు.

పెళ్లికి కాస్త ఆలస్యమైంది. తలంబ్రాలు మాత్రం చూడగలిగారు.